నాయనమ్మ దాచిన మాట పుస్తకంలోకి రావాలా?

కోనసీమలో పుట్టి, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న ఒక పాఠకురాలు రాసిన పొడవైన ఉత్తరం ఇది. గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాం.

నిరుడు కార్తీక మాసం బహుళ పక్షంలో వాళ్ల నాయనమ్మ పోయారు. నలుగురు పిల్లల్ని పెంచి, తాతగారు పోయాక ముప్పై ఏళ్లపాటు ఇల్లు, కొబ్బరితోట ఒంటిచేత్తో నడిపిన మనిషి. సంవత్సరీకం నాటికి ఆవిడ జీవితం మీద చిన్న పుస్తకం వేసి, వచ్చినవాళ్లందరికీ ఇవ్వాలని మనవరాలి కోరిక. నాయనమ్మ చివరి రెండేళ్లలో చెప్పిన మాటలు దాదాపు తొమ్మిది గంటలు ఫోనులో రికార్డు చేసుకున్నారు. ఆ ఫోను ఇప్పుడు బ్యాటరీ ఉబ్బి మూలన పడి ఉంది. కొన్ని ముక్కలు మాత్రం వాట్సాప్‌లో చెల్లెలి దగ్గర ఉన్నాయి.

చిక్కు రెండు చోట్ల వచ్చింది. మొదటిది వయసు. ఆధార్‌లో 01-01-1930 అని ఉంది, పెదనాన్న 96 అంటారు, మేనత్త 90 దాటలేదంటుంది, నాయనమ్మ మాత్రం రికార్డింగులో "శ్రీముఖ నామ సంవత్సరం, మాఘమాసం" అని చెప్పారు. రెండోది బరువైనది. నాయనమ్మకు ఏడేళ్లప్పుడే ఒక పెళ్లి అయింది, పదకొండేళ్లకి ఆ భర్త పోయాడు. ఆ అత్తగారే పిల్లని పుట్టింటికి పంపి, దాని బతుకు చూడమని తండ్రికి చెప్పిందట. తాతగారితో జరిగింది మారుమనువు. ఏటా సంక్రాంతికి నాయనమ్మ పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద దాటి వెళ్లి ఒక ముసలావిడకి బియ్యం, చీర ఇచ్చి వచ్చేవారు. ఆవిడ ఎవరో ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆవిడే ఆ అత్తగారు. ఈ సంగతి చెబుతూ నాయనమ్మ ఒకచోట "ఎవరికీ చెప్పకే" అన్నారు, మరోచోట "రాసుకోవే, మర్చిపోతావు" అన్నారు. పెదనాన్నకి చెబితే, "అమ్మ పరువు తీస్తావా? రేపు ఆ తోట మీద ఎవడైనా కేసేస్తే?" అని కోప్పడి, పుస్తకమే వద్దన్నారు. నేనేం చేయాలి అని అడుగుతున్నారు.

---

మీరు చేయబోయే పని మంచిది. పెదనాన్నగారి కోపం కూడా తల్లి మీది ప్రేమలోంచి వచ్చిందే, ఆ రెంటికీ పోటీ పెట్టకండి. మీ ఉత్తరంలో దాచుకోవడం, అచ్చు వేయడం ఒకే పనిగా కలిసిపోయాయి. అవి వేర్వేరు పనులు. దాచుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, అది ఈ వారమే జరగాలి. అచ్చు వేయడానికి మాత్రం అందరి మనసూ చూడాలి, అది ఆగినా నష్టం లేదు. పెదనాన్నగారితో మాట్లాడేటప్పుడు కూడా ఈ తేడా చెప్పండి. "పుస్తకం సంగతి తర్వాత, ముందు నాయనమ్మ గొంతు పోకుండా చూద్దాం" అంటే కాదనే కొడుకు ఉండడు.

ఆ ఫోనుకి చార్జింగు పెట్టకండి. ఉబ్బిన బ్యాటరీ అంటుకునే ప్రమాదం ఉంది. రిపేరు షాపుకి తీసుకెళ్లి బ్యాటరీ మార్చమనండి, రీసెట్ మాత్రం చేయొద్దని కాగితం మీద రాసి ఫోనుకి అంటించి ఇవ్వండి. కౌంటరు దగ్గర నోటితో చెప్పిన మాట లోపల పనిచేసే కుర్రాడి దాకా చేరదు. ఫోను వెలగ్గానే కేబులుతో ఫైళ్లు కంప్యూటరులోకి తీసుకోండి. వాట్సాప్‌లో ఫొటోలు, వీడియోలు మామూలుగా పంపితే కుదించుకుపోతాయి. పంపక తప్పకపోతే డాక్యుమెంటుగా పంపండి. మూల ఫైలు ఏ ఫార్మాటులో ఉంటే అలాగే ఉంచి, కత్తిరింపులన్నీ నకలు మీద చేయండి. మూడు చోట్ల ఉండాలి: మీ కంప్యూటరులో, ఒక హార్డ్‌డిస్కులో, ఆన్‌లైన్‌లో. హార్డ్‌డిస్కు మీ ఇంట్లో కాక మేనత్తగారి ఇంట్లో పెట్టండి. పెన్‌డ్రైవుని నమ్ముకోవద్దు, ఏళ్ల తరబడి వాడకుండా పక్కన పడేస్తే అందులో ఉన్నది చెరిగిపోవచ్చు.

తొమ్మిది గంటలూ అక్షరం పొల్లుపోకుండా రాయాలని కూర్చోకండి. గంట మాటకి అయిదారు గంటల రాతపని పడుతుంది, సంవత్సరీకం నాటికి అది తెమలదు. ముందు ఒక పట్టిక చేసుకోండి: ఏ ఫైలులో, ఎన్నో నిమిషంలో, ఏ సంగతి. "మూడో ఫైలు, 14వ నిమిషం, వరదలో దూడ" అన్నంత చాలు. ఆ తర్వాత పుస్తకానికి కావలసిన ముక్కలే పూర్తిగా రాయండి. రాసేటప్పుడు ఆవిడ మాటని దిద్దకండి. "వచ్చేశారండి" అంటే "వచ్చితిరి" అని, "ఏవే" అంటే "ఏమే" అని మార్చడం మొదలుపెడితే పది పేజీలయ్యేసరికి అది మీ నాయనమ్మ కాదు, పాఠ్యపుస్తకం అవుతుంది. ఫోనుకి చెప్పి టైపు చేయించే సౌకర్యం గోదావరి యాసకి తరచూ తప్పుతుంది. దానితో చిత్తుప్రతి తీసినా వింటూ సరిచూసుకోవాలి.

మీ ఉత్తరంలో ఒక చిన్న వాక్యం దగ్గర ఆగాం: నాయనమ్మగారి చెల్లెలు ఇంకా ఉన్నారు, 84 ఏళ్లు అని రాశారు. రికార్డింగు రేపైనా వినొచ్చు, ఆవిడ దగ్గరికి ముందు వెళ్లండి. పొద్దున్న టిఫిను అయ్యాక, ముప్పావుగంటకి మించకుండా, రెండు మూడు విడతల్లో. "మీ అక్క గురించి చెప్పండి" అంటే "ఏముందమ్మా, చాలా మంచిది" దగ్గర ఆగిపోతుంది. పాత ఫొటో చేతిలో పెట్టి ఇది ఎవరి వాకిలి, ఈ గొలుసు ఎవరిది, పొయ్యి ఏ మూల ఉండేది, నీళ్లు ఎక్కణ్నుంచి తెచ్చేవాళ్లు అని అడగండి. వీలైతే ఆ ఊరి మరో పెద్దావిడని పక్కన కూర్చోబెట్టండి. ఒకరు చెప్పింది రెండోవారు కాదంటారు, అక్కడే అసలు వివరాలు బయటికొస్తాయి. మధ్యలో మీరు సర్దిచెప్పకండి.

మొదటి పెళ్లి సంగతి మాత్రం మీరు ఎత్తకండి. చెల్లెలుగా ఆవిడకి తెలిసే ఉంటుంది. "నాయనమ్మ చిన్నప్పుడు ఏ ఏ ఊళ్లలో ఉంది?" అని అడిగి ఊరుకోండి. ఆవిడంతట ఆవిడ చెబితే అది రెండో సాక్ష్యం. చెప్పకపోతే అక్కాచెల్లెళ్లు కలిసి దాచుకున్న మాట అని అర్థం, దాన్నీ గౌరవించాలి.

వయసు సంగతి తేలికగానే తేలుతుంది. నాయనమ్మగారు మీకు చెప్పిన ఆ ఒక్క మాట చాలా విలువైనది. శ్రీముఖ నామ సంవత్సరం 1933 ఉగాది నుంచి 1934 ఉగాది దాకా. మాఘం ఆ సంవత్సరం చివర్లో వస్తుంది కనుక ఇంగ్లీషు లెక్కలో 1934 జనవరి, ఫిబ్రవరి నెలలు. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు, పంచాంగం పేరు చూసి 1933 అని రాసేస్తారు. పుష్యం ద్వితీయార్ధం నుంచి ఫాల్గుణం దాకా పుట్టినవాళ్లకి తర్వాతి ఇంగ్లీషు ఏడాది వేయాలి. ఆ లెక్కన ఆవిడ 91 నిండి, 92వ ఏట పోయారు. పెద్దవాళ్లు నడుస్తున్న ఏడు చెబుతారు, కాగితాలు నిండిన ఏడు చెబుతాయి. సగం తగాదాలు ఈ ఒక్క ఏడాది దగ్గరే. ఆధార్‌లోని జనవరి 1 పుట్టినరోజు కాదు. తేదీ తెలియనివాళ్లకి సుమారు ఏడాది వేసి మొదటి రోజు పెట్టేస్తారు. పాతరోజుల్లో బడిలో చేర్చేటప్పుడు మేష్టార్లు జూలై 1 వేసిన తరహాలోనే. పెదనాన్నగారి సర్టిఫికెట్టు ఒకసారి చూడండి, అక్కడా జూలై 1 కనబడితే ఆశ్చర్యపోకండి.

అయినా ఒక్క ఆధారం మీద నిలబడకండి. ఊరందరికీ తెలిసిన సంఘటనలతో కలిపి చూడండి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ భయంతో తీరం పట్టణాల నుంచి జనం పల్లెలకు తరలిపోయారు. మీ ప్రాంతంలో ఆ వయసువాళ్లు దాన్ని మర్చిపోరు. "బాంబులు పడ్డప్పుడు నాకు పెళ్లయింది, కానీ ఇంకా పుట్టింట్లోనే ఉన్నా" లాంటి మాట రికార్డింగులో ఉందేమో వెతకండి. ఉంటే పుట్టిన ఏడు, మొదటి పెళ్లి రెండూ ఒకేసారి సరిపోతాయి. "పెద్ద వరద" అంటే 1953 ఆగస్టుదా, 1986 ఆగస్టుదా అన్నది తేల్చుకోవాలి. అప్పుడు చంకలో ఎవరున్నారు, ఎవరు కడుపులో ఉన్నారు అని చెల్లెలిగారిని అడిగితే ఇట్టే తేలుతుంది. ఆ తరం ఆడవాళ్లు కాలాన్ని కాన్పులతో కొలిచారు. కొబ్బరిచెట్లు వరసగా కూలిపోయాయంటే అది 1996 నవంబరు 6 తుఫాను. రాజమండ్రి దగ్గర రైలు, రోడ్డు రెండూ ఉన్న వంతెన మీదుగా వెళ్లానంటే 1974కి తర్వాత. గోదావరి పుష్కరాల ఫొటో ఉంటే 1979, 1991, 2003, 2015 లాంటి పుష్కర సంవత్సరాల్లో ఏదో ఒకటి.

డబ్బుతో కాలం కట్టేటప్పుడు జాగ్రత్త. నయాపైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి కనుక "అణా" వినగానే అంతకుముందు సంగతి అనుకుంటాం. కానీ పావలా, అర్ధణా అనే పేర్లు ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు నోళ్లలో ఉన్నాయి. కొలతలూ అంతే. కుంచానికి నాలుగు మానికలు, మానికకు రెండు తవ్వలు, తవ్వకు రెండు సోలలు అన్న లెక్క ఉన్నా, కుంచం పరిమాణం ఊరూరికీ మారేది. కిలోల్లోకి మార్చకుండా ఆవిడ చెప్పినట్టే రాయండి.

పుస్తకంలో "1934 జనవరి–ఫిబ్రవరి (శ్రీముఖ మాఘం), ఆమె స్వయంగా చెప్పిన ప్రకారం, ఆధార్‌లో 1930" అని రెండూ వేయండి. అప్పుడు పెదనాన్నగారి మాట తప్పు అని ఎవరూ అనక్కర్లేదు.

ఇక మీరు నిద్రపోకుండా ఆలోచిస్తున్న విషయం.

ముందు ఆ రెండు ముక్కలూ మళ్లీ వినండి, ఈసారి మాటలు కాక చుట్టూ ఉన్నది వినండి. "ఎవరికీ చెప్పకే" అన్నప్పుడు గదిలోకి ఎవరైనా వచ్చారా? గొంతు తగ్గించారా? ఏ రోజు రికార్డింగు? "రాసుకోవే" అన్నది అదే సంగతి గురించా, లేక ఆ ముసలావిడ పేరు, ఊరు మర్చిపోతావనా? "చెప్పకే" ముందు వచ్చి, "రాసుకోవే" కొన్ని నెలల తర్వాత వస్తే, ఆవిడ మనసు మారిందనడానికి కొంత ఆధారం. వరస తారుమారైతే, అంటే చివరి మాట "చెప్పకే" అయితే, అచ్చు వేసే హక్కు మీకు బాగా తగ్గిపోతుంది. ఇంత విన్నా తేలకపోవచ్చు. అప్పుడు తేలినట్టు నటించకండి.

మీ ముందు నాలుగు దారులున్నాయి. పూర్తిగా వదిలేయడం ఒకటి. ఇంట్లో శాంతి ఉంటుంది, పుస్తకం సకాలంలో వస్తుంది. కానీ తాతగారితో పెళ్లయ్యేదాకా ఆవిడ జీవితంలో ఏమీ జరగనట్టు ఉంటుంది. పైగా ఇలాంటివి ఊళ్లో పూర్తిగా దాగవు, రేపు భోజనాల దగ్గర ఏ దూరపు బంధువో అంటే మీ పిల్లలు పరాయి నోట వింటారు. ఈ దారి పట్టేట్టయితే ఒక్కటి గుర్తుంచుకోండి: వదిలేయండి, అబద్ధం మాత్రం రాయకండి. "తాతగారితో పెళ్లి అయ్యేదాకా పుట్టింట్లోనే పెరిగింది" లాంటి పూతవాక్యం వద్దు.

రెండోది మొత్తం రాయడం. ఆ పిల్లని తిరిగి పంపిన అత్తగారి గొప్పతనం, ముసలితనం దాకా పంటు దాటి వెళ్లిన మీ నాయనమ్మ రుణభావం, రెండూ ఎంత పెద్ద విషయాలో మాకు తెలుస్తోంది. కానీ ఆ కుటుంబం కూడా ఎక్కడో ఉంది. వాళ్ల ఇంటి చావుని, పేర్లతో సహా, వాళ్లని అడక్కుండా అచ్చు వేయడం బాగుండదు. పెదనాన్నగారు సంవత్సరీకం పీటల మీద కూర్చోవలసిన మనిషి. ఆయన మనసు కలత పెట్టి ఆ రోజు పుస్తకం పంచితే, నాయనమ్మ పేరు మీద ఇల్లు రెండు ముక్కలవుతుంది.

మూడోది ఒక్క పేరా. "ఆమెకు చిన్నతనంలోనే పెళ్లయింది. పదకొండో ఏట ఆ భర్త పోయారు. అత్తగారే పెద్దమనసుతో పుట్టింటికి పంపారు. తర్వాత తాతగారితో వివాహమైంది. ఆ అత్తగారిని ఆమె చివరిదాకా మర్చిపోలేదు." ఊరు, ఇంటిపేరు ఏవీ ఉండవు. మేమైతే దీనివైపు మొగ్గుతాం, అయితే పెదనాన్నగారు, మేనత్తగారు ఇద్దరూ చదివి సరే అన్నాకే.

నాలుగోది వాయిదా. సంవత్సరీకానికి ఫొటోలు, వంటలు, తోట, సామెతలతో చిన్న పుస్తకం. పూర్తి కథ 2027 గోదావరి పుష్కరాల నాటికి. పెద్దల్ని తలుచుకుని పిండం పెట్టే సందర్భం అది, అందరూ మళ్లీ ఒకచోట చేరతారు. ఈలోగా పెదనాన్నగారికి ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. వాయిదాకి ఉన్న ప్రమాదం తెలుసుకోండి: అప్పటికి చెల్లెలిగారు ఉంటారో ఉండరో. అందుకే ఆవిడ మాటల రికార్డింగు ఏ దారిలోనైనా ముందే అయిపోవాలి.

ఏ దారి పట్టినా ఆ రెండు ముక్కల్ని వేరే ఫోల్డరులో పెట్టి, ఎవరు వినొచ్చు, ఎప్పటి తర్వాత వినొచ్చు అన్నది ఒక పేజీ రాసి, కింద తేదీ వేసి సంతకం పెట్టండి. మీ తర్వాత ఆ హార్డ్‌డిస్కు తెరిచేవాళ్లకి అది దారి చూపుతుంది.

పెదనాన్నగారితో వాదించేటప్పుడు "పరువు", "తోట" రెండింటినీ విడదీయండి. తోట భయం కాగితాలతో పోయేది. ఆ తోట నాయనమ్మకి ఎలా వచ్చిందో దస్తావేజు చూడండి. కాగితం దొరక్కపోతే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయించి, అందులోని నంబరుతో నకలు అడగండి. తాతగారి తరఫునో, కొన్నదో అయితే మొదటి పెళ్లికీ దానికీ సంబంధమే లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయని హిందూ స్త్రీ ఆస్తి మొదట ఆమె కొడుకులు, కూతుళ్లు, భర్తకి వెళుతుంది. అత్తింటి నుంచి వచ్చిన ఆస్తి ఆ అత్తింటి వారసులకి తిరిగి వెళ్లే నియమం, ఆమెకి పిల్లలుగానీ, పోయిన పిల్లల పిల్లలుగానీ లేనప్పుడే. నలుగురు పిల్లలున్న ఇంట్లో మొదటి భర్త తరఫువాళ్లకి చోటు దొరకడం కష్టం. అయినా దస్తావేజు ఒక వకీలుకి చూపించి, ఆ మాట ఆయన నోటితోనే పెదనాన్నగారికి చెప్పించండి. మనవరాలు చెబితే చదువుకున్న పిల్ల వాదన అవుతుంది. ఇదే చట్టం ప్రకారం మేనత్తకీ వాటా ఉంది, ఈ మాట పైకి వస్తుందని తెలిసే తోట విషయంలోకి దిగండి. పుస్తకంలో సర్వే నంబర్లు, విస్తీర్ణాలు వేయకండి.

పరువు సంగతి వేరు, అది కాగితాలతో పోదు. మారుమనువు ఎన్నో కులాల్లో ఎప్పటినుంచో ఉన్నదే, చట్టమూ 1856 నుంచే ఒప్పుకుంది. మీకు కూతవేటు దూరంలో రాజమండ్రిలోనే వీరేశలింగంగారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించారు. ఇవన్నీ ఆయనకి తెలియకపోలేదు. అమ్మ తనకి చెప్పకుండా మనవరాలికి చెప్పిందే అన్న బాధ ఎక్కడో ఉండొచ్చు. ఆయన్ని ఒప్పించే ముందు ఒకసారి ఆయనకే వినిపించండి. మొత్తం కాదు, ఆ అత్తగారి గురించి చెప్పిన రెండు మూడు నిమిషాలు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఫోను ఆయన చేతికిచ్చి, మీరు పక్కగదిలోకి వెళ్లండి. అప్పటికీ వద్దంటే వద్దు. పుస్తకంలో రెండు పేజీలు ఆయన పేరుతో ఖాళీగా ఉంచి, అమ్మ గురించి ఆయన్నే రాయమనండి. రాయలేనంటే చెప్పమని మీరు రాసుకోండి.

పుస్తకం పని తేలిక. ఏ4 కాగితాన్ని మధ్యకి మడిచే సైజులో 32 పేజీలు చాలు, అంటే ఎనిమిది కాగితాలు. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగుతో భాగించబడాలి, లేకపోతే చివర్లో తెల్లకాగితాలు మిగులుతాయి. వంద, రెండొందల కాపీలకి డిజిటల్ ముద్రణే సరిపోతుంది. పెద్దవాళ్లు చదవాలి కనుక అక్షరం 13 పాయింట్లకి తగ్గించకండి. చిన్న పాత ఫొటోలు 600 డీపీఐలో స్కాన్ చేయించండి. అద్దానికి అంటుకుపోయిన ఫొటోని లాగితే పైపొర చిరుగుతుంది, అద్దంతోనే స్కాన్ చేయాలి. లామినేషన్ వద్దు. ఫొటో వెనక స్టూడియో ముద్ర ఉంటే దాన్నీ స్కాన్ చేయండి, ఊరు, కాలం తెలుస్తాయి. పేర్లు వెనక పెన్సిలుతోనే రాయండి, బాల్‌పెన్ను గాడి ముందుకి తేలుతుంది.

ముఖచిత్రం మీద తేదీ వేసే ముందు పురోహితుణ్ని అడగండి. సంవత్సరీకం తిథి ప్రకారం కదా. ఈ పరాభవ సంవత్సరంలో (2026–27) అధిక జ్యేష్ఠం వచ్చింది కనుక కార్తీక తిథులు నిరుటి ఇంగ్లీషు తేదీలకంటే సుమారు మూడు వారాలు ఆలస్యంగా వస్తాయి. నిరుడు నవంబరు రెండో వారంలో పోయారని అదే వారానికి హాలు, ప్రెస్సు మాట్లాడుకుంటే తేడా పడుతుంది. ప్రెస్సుకి కనీసం పదిహేను రోజులు ముందు ఫైలు ఇవ్వండి. అంతకు వారం ముందు చివరి ప్రూఫు కాగితం మీద తీసి మేనత్తగారికి, పెదనాన్నగారికి ఒక్కో ఎర్రపెన్నుతో ఇవ్వండి. పేర్లు, వరసలు, ఎవరి తర్వాత ఎవరు పుట్టారన్నవి వాళ్లిద్దరే సరిగ్గా పట్టుకుంటారు.